ఉగాది హారతికి నేను తీయించిన మాస్కు

శ్రీమన్నారాయణా, ముందుగా నీకు నమస్కారం. అడగకముందే ఊపిరి ఇచ్చినవాడివి, చెప్పకుండా వెనక్కి తీసుకునేవాడివి నువ్వే. నా ఊపిరి నాకు తిరిగి ఇచ్చావు. ఎందుకిచ్చావో నాకు తెలియదు. ఆ ఊపిరితోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నన్ను నేను మంచిదాన్ని చేసుకుని ఒక్క వాక్యం రాసినా అక్కడే నా చేయి ఆపు తండ్రీ.

ఇది రాయమన్నది మా భజన మండలి పెద్ద గంగారాం మామ. "జరం అచ్చినా దాసుకునేటోళ్ళు ఇంకా ఉన్నరు బిడ్డా. నేను చెప్తె ముసలోడు చాదస్తమంటరు. నువ్వు రాసి చదువు, ఇంటరు" అన్నాడు. అందుకే రాస్తున్నాను. కొంత నా మనసు నిలబెట్టుకోవడానికి కూడా.

ఉగాదికి ముందు

నా పేరు సుగుణ. సూరత్‌లో కోసాడ్ కాలనీలో మూడో అంతస్తులో ఉంటాం. మా ఆయన మల్లేశం సాంచాల కార్ఖానాలో బట్ట నేస్తాడు. మా అమ్మాయికి పెళ్ళయి భీవండీలో ఉంది. మా నాన్న ఊళ్ళో భజన మండలిలో పురాణం చదివేవాడు. నన్ను బడికి పంపకముందే ఇసుక పోసి, అందులో దేవుడి పేరు రాసి, నా వేలు పట్టి దిద్దించాడు. తర్వాత నా పేరు దిద్దించాడు. ఆ చదువుతోనే ఇక్కడి మండలిలో ఇరవై ఏళ్ళుగా ప్రతి ఏకాదశికీ పురాణం చదివి అర్థం చెబుతున్నాను.

కరోనా వచ్చి బడులు మూసేశాక మా మెట్ల మీద పిల్లలు ఖాళీగా తిరగడం చూశాను. అందరూ మన తెలంగాణ ఇళ్ళ పిల్లలే. కానీ గుజరాతీ మీడియం. ఇంట్లో తెలుగు, మెట్ల మీద హిందీ. తెలుగులో వాళ్ళ పేరు వాళ్ళకు రాయడం రాదు. ఐదు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలు ఏడుగురిని మధ్యాహ్నం పూట మా ఇంట్లో కూర్చోబెట్టుకున్నాను. పలక మీద సుద్దముక్కతో చుక్కలు చుక్కలుగా ఒక్కొక్కరి పేరు రాసి ఇచ్చేదాన్ని. చుక్కల మీదుగా మూడుసార్లు దిద్దాలి. నాలుగోసారి చుక్కలు లేకుండా రాయాలి. చేయి వణికే పిల్లల వెనక కూర్చుని, వాళ్ళ భుజం మీదుగా వంగి, చేతిలో చేయి వేసి నడిపించేదాన్ని. నా గడ్డం వాళ్ళ నెత్తికి తగిలేది. అక్షరం గుండ్రంగా తిరిగినప్పుడు పిల్ల ఊపిరి బిగబట్టడం నాకు తెలిసేది.

అందరికన్నా చేయి వణికేది మనస్వినికి. మా పక్కింటి పిల్ల. ఆరేళ్ళు.

"టీచర్, నా నామ్ ఇంత లంబా ఎందుకు? పార్థ్‌ది చూడు, దో మినిట్‌ల ఖతం" అనేది.

"మీ నాయిన్నడుగు" అనేది గడప దగ్గర కూర్చున్న వాళ్ళ నానమ్మ రాజవ్వ. "పోశవ్వ అని పెడ్దామన్న. ఇన్నడా?"

పిల్లలు పోశవ్వా పోశవ్వా అని ఏడిపించేవారు. మనస్విని మూతి ముడుచుకుని మళ్ళీ దిద్దేది.

రాజవ్వ రోజూ మనవరాలిని తీసుకొచ్చి క్లాసు అయ్యేదాకా గడప దాటకుండా కూర్చునేది. ఆమెకు షుగరు ఉంది. చీర కొంగు మీద మాస్కు, మాస్కు మీద మళ్ళీ కొంగు. మా అంతస్తులో ఏడాదిపాటు మాస్కు జారనివ్వని మనిషి ఆమె ఒక్కతే. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఉగాది

2021 ఉగాది. అప్పటికే సూరత్‌లో రెండోసారి గట్టిగా మొదలైంది. అంబులెన్సుల మోత వినీ వినీ అలవాటైపోయింది. నేను మాత్రం ధైర్యంగా ఉన్నాను. నామం పట్టుకున్నవాళ్ళను ఏదీ అంటదని అంతకుముందు ఏకాదశి నాడే ఫోనులో మండలివాళ్ళకు చదివి చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉందో ఇప్పుడు వినిపిస్తుంది.

పొద్దున ఉగాది పచ్చడి చేసి దేవుడి ముందు పెట్టి నోట్లో వేసుకున్నాను. వేపపువ్వు చేదు తెలియలేదు. ఇంకొంచెం వేసుకున్నాను. అయినా తెలియలేదు. ఈ ఏడు నాకు చేదు రాసిపెట్టలేదని సంబరపడ్డాను. మా ఆయనతో కూడా అన్నాను. ఆయన తన గిన్నె చూసుకుని, "నాకైతే మస్తు రాసిపెట్టిండు" అని మొహం చిట్లించాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత హారతి వెలిగించాను. కర్పూరం వాసన రాలేదు. ఇంకో రెండు బిళ్ళలు వేశాను. పొగకు కళ్ళు మండుతున్నాయి కానీ వాసన లేదు. పండగపూట నకిలీ కర్పూరం అంటగట్టాడని కోపం వచ్చి, పొట్లం పట్టుకుని కింద మగన్‌భాయి దుకాణానికి పోయాను. ఆయన మాస్కు కిందికి లాగి వాసన చూశాడు.

"సుగంధ్ తో ఆవే ఛే, బెన్. బహుత్ ఆతీ హై" అన్నాడు.

"మీ ముక్కుకు వస్తది. దేవునికి రావాలె గదా" అన్నాను.

ఆయన పండగరోజు గొడవెందుకని వేరే పొట్లం ఇచ్చాడు. అదీ వాసన రాలేదు. లోకంలో కర్పూరమంతా కల్తీ అయిపోయిందని అనుకున్నాను. పచ్చడి ఒకటి, కర్పూరం ఒకటి. రెండుసార్లు చెప్పాడు దేవుడు. ఒకదాన్ని శుభశకునం చేసుకున్నాను, ఒకదాన్ని దుకాణదారు మీదికి తోశాను.

ఆ మధ్యాహ్నం పిల్లలకు పలకలు ఇవ్వలేదు. ఏడు పళ్ళేలలో బియ్యం పోసి, వేలితో ఎవరి పేరు వాళ్ళు దిద్దాలని ముందే మొక్కుకున్నాను. దిద్దిన బియ్యం పారేయకూడదు, వండి పంచాలని మా నాన్న చెప్పేవాడు. ఏడుగురి వెనకా వంతులవారీగా కూర్చుని వేలు పట్టి దిద్దించాను. మనస్విని దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. తర్వాత ఆ బియ్యమే పరమాన్నం చేసి, పిల్లల్నీ రాజవ్వనూ హారతికి పిలిచాను.

పిల్లల మాస్కులు ఎప్పుడో గడ్డం కిందికి జారాయి. రాజవ్వ ఒక్కతే ముక్కు మీదిదాకా కట్టుకుని నిలబడింది.

"అవ్వా, దేవుని ముందట మూతి కట్టుకొని నిలబడ్తరా? తియ్యి" అన్నాను.

"డాక్టరు తియ్యద్దన్నడు బిడ్డా."

"నారాయణుని కన్న డాక్టరు పెద్దోడా?"

పిల్లలందరూ ఆమె వంక చూశారు. రాజవ్వ ఒక్క క్షణం ఆగి, చెవుల మీది దారాలు తీసి, మాస్కు మడిచి రొంటిన దోపుకుంది. హారతి కళ్ళకద్దుకుంది. పరమాన్నం నా చేత్తోనే పెట్టాను. "బెల్లం జర ఎక్కువైంది" అంది. నాకు తెలియలేదు.

తర్వాతి ఐదు రోజులు

ఆ సాయంత్రమే ఒళ్ళు వెచ్చబడింది. మర్నాడు కాళ్ళు పీకాయి. క్లాసు లేదని పిల్లలను గుమ్మం నుంచే పంపేశాను. పండగ పని చేసి అలసిపోయానని చెప్పాను.

మూడోనాడు మా ఆయన ఫోనులో ఎవరో పంపిన వీడియో చూస్తూ ఒక్కసారిగా ఆపేశాడు. "సుగుణా, వాసన రాకపోతె గదే అంట" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మామూలుగా గదంతా కంపుకొట్టే డబ్బా. నీళ్ళు పట్టుకున్నట్టే ఉంది. అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ముందు నా ప్రాణం గుర్తుకు రాలేదు. రాజవ్వ రొంటిన దోపుకున్న మాస్కు కళ్ళ ముందు నిలిచింది.

"వాళ్ళకు చెప్పాలె" అన్నాను.

"ఏమని చెప్తవు? ఏడు ఇండ్లోళ్ళు మన మీదికి అస్తరు. గేటుకు అడ్డం కడ్తరు. నన్ను కార్ఖానకు రానియ్యరు. రెండొద్దులు సూద్దాం. ఉత్త జరమే కావచ్చు."

"అవ్వ మాస్కు తీసింది. నేనే తీయించిన."

"అవ్వకు ఏం గాదు. నువ్వే గద చెప్పినవ్, నామం వట్టుకున్నోళ్ళకు ఏం గాదని."

ఆయన ఎత్తిపొడవలేదు. నా మాట నమ్మి అన్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను చెప్పలేదు. ఇది ఆయన మీద పెట్టను. ఫోను నా చేతిలోనే ఉంది. రాజవ్వ కోడలు కవిత నంబరు నా దగ్గర ఉంది. రెండు రోజులు ఆ ఫోను పట్టుకుని గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. మా వంటింటి గోడా, వాళ్ళ నీళ్ళ తొట్టి గోడా ఒక్కటే. గిన్నెల చప్పుడు వినిపిస్తే బాగానే ఉన్నారనుకునేదాన్ని. రాజవ్వ మనవరాలిని కేకలేస్తే కళ్ళ నీళ్ళు వచ్చేవి, సంతోషంతో. స్వామీ, నాకు ఎంతైనా రానీ, ఆ గోడ దాటనివ్వకు అని మొక్కుకున్నాను. ప్రార్థన చేయడం సులువు. ఫోను చేయడమే నా వల్ల కాలేదు.

ఐదోనాడు పొద్దున గోడ అవతల దగ్గు వినిపించింది. ఒకసారి కాదు. ఆగి ఆగి, కడుపులోంచి వచ్చే దగ్గు. అది రాజవ్వది.

అప్పుడు ఫోను చేశాను.

"కవితా, నాకు అదే అచ్చినట్టుంది. అవ్వను దవాఖానకు తీస్కపోండ్రి."

"ఎప్పటిసంది?" అంది.

"ఉగాది పొద్దటిసంది. అప్పుడు తెల్వలే. మొన్న తెలిసింది."

"మొన్న" అంది కవిత. ఫోను పెట్టేసింది.

మిగిలిన ఆరు ఇళ్ళకూ అదే రోజు చెప్పాను. ఒకరు తిట్టారు. ఒకరు ఏడ్చారు. ఒకరు, "మా పోరడు మంచిగనే ఉన్నడక్కా, నువ్వు పైలం" అన్నారు. అది ఇంకా తట్టుకోలేకపోయాను. మా ఆయన అనుకున్నట్టు ఎవరూ మా తలుపు మీదికి రాలేదు.

శ్రీరామనవమి

నవమి ముందురోజు నాకు మెట్లు దిగడమే గండమైంది. మా ఆయన నన్ను ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. బయట డేరా వేసి కుర్చీలు వేశారు. కుర్చీలన్నీ నిండి జనం నేలమీద పడుకున్నారు. పేరు రాయించుకుని పిలిచేదాకా కూర్చోవాలి. పొద్దున పోతే మధ్యాహ్నం మూడయింది. నీడ జరుగుతుంటే మనుషులూ జరిగేవాళ్ళు. ఎవరి పేరైనా పిలిచినప్పుడు పలకకపోతే అందరం తలలు వంచుకునేవాళ్ళం.

నా పక్కన వరాఛా నుంచి వచ్చిన ఒక గుజరాతీ ముసలాయన కూర్చున్నాడు. వజ్రాలు సానబట్టే పని చేసేవాడట. భార్యను లోపలికి తీసుకుపోయారు, తర్వాత ఏ కబురూ లేదు. ఆయన తన చేతిలోని ఎక్స్‌రే కవరుతో నాకు విసురుతూ కూర్చున్నాడు. మా ఆయన "బస్, కాకా" అంటే, "బైఠా హీ హూఁ, హాథ్ కో కామ్ చాహియే" అన్నాడు, ఊరికే కూర్చున్న చేతికి పని కావాలట. నా పేరు పిలిచినప్పుడు ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన పేరు నేను అడగలేదు. ఆ భార్య ఏమైందో నాకు తెలియదు. ప్రతి నెలా నవమి తిథి నాడు వాళ్ళిద్దరి కోసం దీపం పెడతాను.

వార్డులో పడుకోబెట్టి మూతికి ఆక్సిజన్ పెట్టారు. వైద్యం సంగతి నాకు తెలియదు, రాయను. తెలిసింది ఒక్కటే. ఊపిరి మనం పీల్చుకుంటున్నామనుకుంటాం. అది వచ్చి పోయేది, అంతే. రావడం ఆలస్యమైనప్పుడు మనిషి దగ్గర ఏమీ ఉండదు.

సహస్రనామం నాకు ఎనిమిదో ఏట నుంచి కంఠస్థం. ఆ మంచం మీద మొదటి వరుస కూడా రాలేదు. నోరు తెరిస్తే ఆయాసం, మనసులో అనుకుందామంటే మాట దొరకదు. నామం నన్ను వదిలిపెట్టిందని వణికిపోయాను. చావు కన్నా అది ఎక్కువ భయం. చావులో కూడా ఆయన తోడుంటాడని కదా ఇన్నాళ్ళూ చదివాను.

నామానికి బదులు పిల్లల పేర్లు వచ్చాయి. కుడిచేతి వేలు దుప్పటి మీద దానంతట అదే కదిలింది. పార్థ్. తర్వాత శ్రీజ. ఒక్కొక్క పేరూ మూడుసార్లు దిద్దేదాన్ని. మనస్విని దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయేది. ఆ పిల్లకూ వచ్చిందా? ఎవరూ చెప్పరు. మా ఆయన ఫోనులో, "అందరు మంచిగనే ఉన్నరు, నువ్వు పరేషాన్ గాకు" అనేవాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పేముందు గొంతు సవరించుకుంటాడు.

మూడోరోజు గట్టిగా అడిగితే చెప్పాడు. రాజవ్వను నేను ఫోను చేసిన రోజే తీసుకొచ్చారు, నాకు తెలియనివ్వలేదు. ఇదే దవాఖానలో, పై అంతస్తులో ఉంది. ఊపిరికి మిషను పెట్టారు.

నా నెత్తి మీద కప్పు వంక చూస్తూ పడుకున్నాను. ఆ కప్పు పైన ఎక్కడో ఆమె మంచం. కింద నేను. నాకు చిన్న గొట్టం చాలింది, ఆమెకు పెద్ద మిషను కావలసి వచ్చింది. మాస్కు తీయించినదానికి తక్కువ, తీసినామెకు ఎక్కువ. ఇది ఏ పురాణంలోనూ నేను చదవలేదు. చదివి అర్థం చెప్పమంటే చెప్పలేను.

ఆ మధ్యాహ్నం మా ఆయన ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. దాన్ని ఆయన నాకు పంపాడు. కవిత పంపిందట, ఒక్క మాట కూడా రాయకుండా. పలక మీద మనస్విని పేరు. చుక్కలు లేవు. చివరి అక్షరం జాగా చాలక పలక చెక్క మీదికి ఎక్కింది. పిల్ల బాగుందని చెప్పడానికి కవితకు నాతో మాట్లాడటం ఇష్టం లేదు. చెప్పకుండా ఉండటమూ ఇష్టం లేదు. అత్తను మిషను మీద పెట్టుకుని ఆ పలకను ఫొటో తీసిన చేయి అది. ఆ ఫొటో పట్టుకుని ఏడిస్తే మంచం పక్కన ఆక్సిజన్ చూసే మీటరు గంట మోగింది. నర్సు పరిగెత్తుకొచ్చి నా మూతికి గొట్టం సరిచేసి, "రోనే సే ఆక్సిజన్ గిర్తా హై మాసీ, బాద్ మే రో లేనా" అంది, ఏడిస్తే ఆక్సిజన్ పడిపోతుంది, తర్వాత ఏడవమని.

గంగారాం మామ ఫోను చేసినప్పుడు నా భయం చెప్పాను. దేవుడి పేరు రావడంలేదు, పిల్లల పేర్లే వస్తున్నాయి, నేను పాడైపోయానా అని అడిగాను. శాస్త్రం నుంచి ఏదో చెబుతాడనుకున్నాను.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాడు. "మొన్న నాకు జరం నెత్తికెక్కినప్పుడు, గ్యాసు బండ బుక్ చేసిన్నా లేదా అన్న ఒక్కటే యాదికుండె. నీకు పిల్లలన్న అచ్చిండ్రు. దిద్దుకో."

దిద్దుకున్నాను. పిల్లల పేర్ల చివర రాజవ్వ పేరు కలుపుకున్నాను.

వైశాఖం

ఇరవై నాలుగు రోజుల తర్వాత ఇంటికి వచ్చాను. మూడు అంతస్తులు ఎక్కడానికి ముప్పావు గంట పట్టింది. ప్రతి మలుపులో కూర్చున్నాను. పక్కింటి తలుపుకు తాళం లేదు, కానీ చప్పుడు కూడా లేదు. కవితకూ వాళ్ళాయనకూ వచ్చి తగ్గింది. పిల్లకు రెండురోజులు ఒళ్ళు కాలి తగ్గిపోయింది. మిగిలిన ఆరుగురు పిల్లలకు ఏమీ కాలేదు, భగవంతుడి దయ.

కొంచెం ఓపిక వచ్చాక కవిత నీళ్ళ కోసం బయటికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడ్డాను. దూరం నుంచే చేతులు జోడించాను.

"కవితా, తప్పు నాది. మాఫ్ చెయ్యి."

"మా ఆయన కార్ఖానల గూడ నలుగురికి అచ్చింది" అంది నా వంక చూడకుండా. "ఎవలతోటి అచ్చిందో ఎవలకెరుక. గది నేనడుగుతలేను. నువ్వు తెలిసిన నాడే చెప్తె రెండొద్దులు ముందుగాల తీస్కపోయేటోళ్ళం. డాక్టరు గదే అడిగిండు, ఇంత లేటెందుకు చేసిండ్రని. నేనేం చెప్పాలె?"

జోడించిన చేతులతో అలాగే నిలబడ్డాను.

"మాఫీ నన్నడిగితె ఎట్ల? మాస్కు తీసింది ఆమె. ఆమెనే అడుగు" అని బిందె తీసుకుని లోపలికి పోయింది.

ఆషాఢం

ఇది రాస్తున్న రోజుకు రాజవ్వ ఇంకా దవాఖానలోనే ఉంది. మిషను తీశారు, మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. గొంతుకు గొట్టం ఉంది కనుక మాట లేదు. కళ్ళతో మనుషులను గుర్తుపడుతుందట. లోపలికి ఒక్కరినే రానిస్తారు, కవిత పోతుంది. నేను కింద ఆవరణలో కూర్చుని వస్తాను. కవితకు తెలుసు. పొమ్మనదు, రమ్మనదు. నిన్న పోతూ పోతూ ఆగి, "ఇయ్యాల రెండు చెంచాల గంజి మింగింది" అని చెప్పింది.

మండలిలో నేను ఇంకా పురాణం చదవడం మొదలుపెట్టలేదు. పిల్లల క్లాసు మాత్రం బయట వరండాలో, ఒక్కొక్కరికీ మూడు బారల దూరంలో జరుగుతోంది. ఎవరి చేయీ పట్టుకోను. గీత వంకర పోతే పోనిస్తాను. నేనూ మాస్కు తీయను. మనస్విని కూడా వస్తోంది, కవితే పంపుతోంది. నానమ్మ ఎప్పుడొస్తుందని నన్ను అడుగుతుంది. వస్తదమ్మా అంటాను.

ఇది చదివే తల్లులారా, అన్నలారా, ఒంట్లో ఏ మార్పు వచ్చినా అది శకునమని మురిసిపోకండి. తెలిసిన గంటలోనే పక్కింటికి చెప్పండి. తిడితే తిట్టనివ్వండి. నేను పోగొట్టుకున్న ఆ రెండు రోజులు ఏ పారాయణంతోనూ వెనక్కి రావు.

ఇంకొక్కటి అడుగుతాను. ఈ పూట దీపం పెట్టేటప్పుడు రాజవ్వ పేరు నాతోపాటు మీరూ ఒక్కసారి అనండి. ఆమె నన్ను క్షమించాలని కోరకండి, అది నేను అడగవలసింది. స్వామీ, ఆ గొంతుకు మాట తిరిగి ఇవ్వు అనండి. నేను ఆమె మంచం దగ్గర నిలబడి అడిగిన రోజున, మాఫ్ చేసిన అనడానికైనా, చెయ్య పో అనడానికైనా, ఆమెకు సరిపడా ఊపిరి ఉండాలి. ఏ మాట చెప్పినా సరే. ఆమె నోటితో నేను వినాలి.